మీడియం ఫార్మాటా, చిన్న 35 ఎం.ఎం. రేంజ్‌ఫైండరా? ముందు వెలుతురు లెక్క తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చాలాకాలంగా 35 ఎం.ఎం. ఎస్.ఎల్.ఆర్. (లెన్సులోంచే చూసి తీసే కెమెరా) వాడుతున్నారు. ఇప్పుడు ఒకే ఒక్క ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చేసే కెమెరా) కొనుక్కుని దానితోనే సరిపెట్టుకుందామనుకుంటున్నారు. వీధి ఫోటోలు, ఇళ్ళలో కూర్చున్న మనుషులు, అప్పుడప్పుడు కొండలూ చెరువులూ తీస్తారు. ఏడాదికి నాలుగైదు ఫోటోలు పెద్దవి చేయించి గోడకు పెట్టుకుంటారు. ఒకపక్క పెద్ద నెగటివ్ ఇచ్చే మీడియం ఫార్మాట్ కెమెరాలు, మమియా 7, ఫుజీ 690 లాంటివి మనసులో ఉన్నాయి. ఇంకోపక్క 35 ఎం.ఎం. రేంజ్‌ఫైండర్లు, కానోనెట్, ఒలింపస్ ఎక్స్‌ఏ, కుదిరితే లైకా ఎం. "నెగటివ్ పెద్దదైతే ఫోటో బాగుంటుంది కదా, ఇక ఆలోచించేదేముంది" అని కూడా రాశారు.

ఆలోచించాల్సింది ఉంది. పెద్ద నెగటివ్ ఊరికే రాదు, దాని ఖరీదు వెలుతురులో కట్టాలి. మీరు తీసే వాటిలో సగానికి పైగా ఇంటి కప్పు కిందో, పొద్దు వాలాకో తీసేవే కాబట్టి నా సలహా 35 ఎం.ఎం. వైపే. అయితే కొండలూ చెరువులే మీ అసలు ఇష్టమైతే, ట్రైపాడ్ మోయడానికి ఒళ్ళు వంచగలిగితే, ఈ సలహా పూర్తిగా తిరగబడుతుంది. అంకెలు కింద పెడుతున్నాను, మీ వాడకానికి అన్వయించుకుని చూడండి.

నెగటివ్ కొలతలు

35 ఎం.ఎం. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. మీడియం ఫార్మాట్ కెమెరాల్లో వేసే వెడల్పాటి 120 ఫిల్మ్ మీద 6×4.5 (సెంటీమీటర్లలో చెప్పే పేరు, 645 అనీ అంటారు) అంటే నిజానికి సుమారు 56×41.5, 6×6 అంటే 56×56, 6×7 అంటే దాదాపు 56×69.5, 6×9 అంటే సుమారు 56×84. వైశాల్యం చూస్తే 35 ఎం.ఎం. కన్నా 645 దాదాపు 2.7 రెట్లు, 6×6 మూడున్నర రెట్లకు కాస్త ఎక్కువ, 6×7 నాలుగున్నర రెట్లు.

వైశాల్యం కన్నా పనికొచ్చే అంకె, ప్రింటుకి ఎన్ని రెట్లు పెంచుతున్నారన్నది. 30×40 సెంటీమీటర్ల ప్రింటు కావాలంటే 35 ఎం.ఎం. నెగటివ్‌ని పన్నెండున్నర రెట్లు పెంచాలి, 6×7ని ఆరు రెట్ల లోపే. గ్రెయిన్, లెన్సు లోపం, ఫోకస్ తప్పు, చెయ్యి వణుకు అన్నీ ఆ రెట్లలోనే పెరుగుతాయి. అదే 20×30 ప్రింటుకైతే 35 ఎం.ఎం.ని 8.3 రెట్లు పెంచితే చాలు. మంచి లెన్సుతో, ఐఎస్‌ఓ 100 ఫిల్మ్ మీద, సరైన ఫోకస్‌తో తీసిన 35 నెగటివ్ ఆ సైజులో చక్కగా నిలబడుతుంది. తేడా అసలు కనపడదని అనను. ముఖ్యంగా ఆకాశం, చర్మం లాంటి నున్నటి భాగాల్లో మీడియం ఫార్మాట్ టోన్లు మరింత మృదువుగా ఒకదాంట్లోకి ఒకటి కలుస్తాయి. కానీ గోడ మీది ప్రింటును రెండడుగుల దూరం నుంచి చూసేవాళ్ళకు ఆ తేడా బాగా పట్టి చూస్తేనే తెలుస్తుంది. 40×50 దాటాక మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

వెలుతురు లెక్క

చర్చల్లో దీన్ని ఎక్కువగా వదిలేస్తారు. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మమియా 7 మీద 80 మి.మీ. లెన్సు చూసే వెడల్పు 35 ఎం.ఎం. మీద సుమారు 39 మి.మీ. లెన్సుకి సమానం. అంటే కానోనెట్ 40 మి.మీ. లెన్సూ ఇదీ దాదాపు ఒకే దృశ్యాన్ని చూస్తాయి. మమియా లెన్సు గరిష్ఠ అపర్చర్ (వెలుతురు వెళ్ళే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్/4, కానోనెట్‌ది ఎఫ్/1.7. మధ్య తేడా దాదాపు రెండున్నర స్టాపులు, ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపవుతుంది. ఇంట్లో రాత్రి ట్యూబులైటు వెలుగులో, ఐఎస్‌ఓ 400 ఫిల్మ్‌తో, ఎఫ్/2 దగ్గర 1/30 వచ్చే చోటు తీసుకోండి. కానోనెట్‌ని ఎఫ్/1.7 దాకా తెరిస్తే 1/45 దాకా వస్తుంది. మమియా ఎఫ్/4 దగ్గర 1/8 సెకను. మాట్లాడుతున్న మనిషిని 1/8లో పట్టుకోవడం కుదరదు. కెమెరా కదలకపోయినా మనిషి కదులుతాడు.

"పెద్ద నెగటివ్ కదా, ఐఎస్‌ఓ 1600కి పుష్ చేస్తే పోలా" అని అడగొచ్చు. చెయ్యొచ్చు, 1/30 వస్తుంది. గ్రెయిన్ పరంగా 35 మీద 400తో తీసినదానికన్నా ఏమీ తీసిపోదు కూడా, ఎందుకంటే పెంచేది సగం రెట్లే. కానీ పుష్ చేస్తే నీడల్లో వివరం రాదు. పుష్ అంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి వెలుగు భాగాలను సాంద్రంగా చేయడమే. ఫిల్మ్‌ని తాకని వెలుతురును ఏ డెవలపరూ తెచ్చిపెట్టలేదు. ఒకే బల్బు కింద కూర్చున్న మనిషి కళ్ళ గుంతలు నల్లటి మచ్చలైపోతాయి. ఇంత చేసి, ఇంత బరువు మోసి, మీరు చేరేది చిన్న కెమెరా ముందే ఉన్న చోటికి.

డెప్త్ సంగతి కూడా ఇలాగే. మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని మమియాతో ఎఫ్/4 దగ్గర తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 17 సెంటీమీటర్లు. కానోనెట్‌తో ఎఫ్/1.7 దగ్గర సుమారు 14. రెండూ ఇంచుమించు ఒకటే. "మీడియం ఫార్మాట్‌లో వెనక భాగం అలుక్కుపోయి అందంగా ఉంటుంది" అన్నమాట ఎఫ్/2.8 లెన్సులున్న మీడియం ఫార్మాట్ ఎస్.ఎల్.ఆర్.లకి చెల్లుతుంది. ఎఫ్/4, ఎఫ్/4.5 లెన్సుల రేంజ్‌ఫైండర్లకి అంతగా చెల్లదు. ప్లాబెల్ మకీనా 67 ఒక్కటి ఎఫ్/2.8 నిక్కోర్ లెన్సుతో దీనికి మినహాయింపు.

ఇక కొండల దగ్గరికి వద్దాం. అక్కడ మూడున్నర మీటర్ల ముందున్న రాయి నుంచి అనంతం దాకా స్పష్టత కావాలి. 40 మి.మీ. లెన్సుని ఎఫ్/8లో పెట్టి 6.7 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 3.3 మీటర్ల నుంచి అంతా పదునుగా వస్తుంది. అదే లోతు 80 మి.మీ.తో రావాలంటే ఎఫ్/16 దాకా మూయాలి. ఎండలో ఐఎస్‌ఓ 100తో ఎఫ్/16 దగ్గర 1/125 వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. దట్టంగా మబ్బు పట్టిన రోజు 35తో ఎఫ్/8 దగ్గర 1/60 ఉండే చోట, మీడియం ఫార్మాట్‌తో ఎఫ్/16 దగ్గర 1/15కి పడిపోతుంది. ట్రైపాడ్ తప్పదు. ట్రైపాడ్ వేశారా, ఇక షట్టర్ ఎంతైతేనేం, 6×7 నెగటివ్ ముందు 35 ఎక్కడా నిలవదు. దూరపు చెట్ల కొమ్మలు, గడ్డి పరకలు, రాతి మీది గీతలు చూస్తే ఆ తేడా అర్థమవుతుంది. అందుకే కదలని దృశ్యం, స్థిరమైన కెమెరా ఉన్న చోట మీడియం ఫార్మాట్‌కి సాటి లేదంటాను.

చేతి వణుకు గురించి ఒక అపోహ ఉంది, పెద్ద నెగటివ్ వణుకుని దాచేస్తుందని. దాచదు. దృశ్యపు వెడల్పు ఒకటే అయినప్పుడు చెయ్యి ఎంత కోణం కదిలిందో, ఫ్రేములో అంత నిష్పత్తిలోనే చెదురుతుంది. ప్రింటు సైజు ఒకటే అయితే రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తుంది. మీరు మీడియం ఫార్మాట్ కొనేదే పెద్ద ప్రింటు కోసం కాబట్టి చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 80 మి.మీ.కి 1/125 కన్నా తగ్గకండి. 1/60లో తీసిన 6×7 నెగటివ్ చాలాసార్లు ట్రైపాడ్ మీద తీసిన 35కి తీసికట్టుగానే ఉంటుంది.

ఎండలో ఇంకో చిక్కు. ఈ కెమెరాల్లో ఎక్కువవాటిది లెన్సులోనే రేకులతో ఉండే లీఫ్ షట్టర్, గరిష్ఠం 1/500. ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ వేసుకుని మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్తే ఎఫ్/16, 1/500 దగ్గరే ఇరుక్కుపోతారు. ఎఫ్/1.7 ఉందని కొన్న లెన్సుని ఎండలో తెరవనే లేరు. వెలుతురు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరో, ఐఎస్‌ఓ 100 ఫిల్మో దగ్గర పెట్టుకోండి. లీఫ్ షట్టర్‌తో ఒక మేలూ ఉంది. ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది కాబట్టి ఎండలో ముఖం మీది నీడల్ని నింపొచ్చు. లైకా ఎంలో గుడ్డ షట్టర్ కావడం వల్ల ఫ్లాష్ 1/50 దగ్గరే ఆగిపోతుంది.

రేంజ్‌ఫైండర్‌గా వీటి హద్దులు

ఎస్.ఎల్.ఆర్. నుంచి వస్తున్నారు కాబట్టి ముందే తెలిస్తే మంచిది. దగ్గరి ఫోటోలు మరిచిపోండి. మమియా 7 80 మి.మీ. లెన్సు మీటరు కన్నా దగ్గరికి రాదు. ఆ దూరంలో ఫ్రేములో పట్టేది సుమారు 58×72 సెంటీమీటర్లు, అంటే తలా భుజాలూ వస్తాయి, ముఖం మాత్రమే రాదు. కానోనెట్ 0.8 మీటర్ల దాకా వస్తుంది, అక్కడ 43×65 సెంటీమీటర్లు. పసిపిల్లల చేతులు, పూలు లాంటివి మీకు ముఖ్యమైతే ఎస్.ఎల్.ఆర్.ని అమ్మకండి.

ఫోకస్ ఎంత కచ్చితంగా ఉంటుందన్నది, రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో హెచ్చించగా వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. లైకా ఎం6లో అది 69.25 × 0.72, అంటే దాదాపు 50 మి.మీ. అరచేతిలో ఇమిడే ఒలింపస్ ఎక్స్‌ఏలో కిటికీలు బాగా దగ్గరగా ఉంటాయి. దాని లెన్సు 35 మి.మీ., ఎఫ్/2.8 కావడంతో ఎలాగోలా సరిపోతుంది. లెన్సు పొడవయ్యేకొద్దీ ఈ లెక్క బిగుసుకుంటుంది. మమియా 7కి 150 మి.మీ. లెన్సు ఉంది గానీ, దగ్గరి మనిషిని అపర్చర్ పూర్తిగా తెరిచి తీయాలంటే రేంజ్‌ఫైండర్ సర్దుబాటు వెంట్రుకవాసి తప్పకూడదు. 210 మి.మీ. ఎఫ్/8 లెన్సుకైతే రేంజ్‌ఫైండర్ అసలు కలవదు, దూరం అంచనా వేసి పెట్టాల్సిందే.

లెన్సు మూత తీయకుండా తీయడం ఈ జాతి కెమెరాల్లో చాలావాటిలో జరిగే పొరపాటే. వ్యూఫైండర్ లెన్సులోంచి చూడదు కాబట్టి తెలియదు. మమియా 7లో వెలుతురు కొలిచే మీటరు కూడా వ్యూఫైండర్ వైపే ఉంటుంది, లెన్సులోంచి కొలవదు. పసుపు ఫిల్టర్ పెట్టి ఎక్స్‌పోజర్ పెంచడం మరిచిపోతే రోలంతా ఒక స్టాప్ తక్కువ వస్తుంది. ఫ్రేములో ఆకాశం ఎక్కువగా ఉంటే ఆ మీటరు మోసపోతుంది. కెమెరాని కిందికి వంచి, రీడింగు లాక్ చేసి, తర్వాత ఫ్రేము కట్టుకోండి.

మీడియం ఫార్మాట్‌లో ఏది

మమియా 6 1989లో, మమియా 7 1995లో, 7-2 1999లో వచ్చాయి. 6లో చదరపు ఫ్రేము, లెన్సు బాడీలోకి ముడుచుకుంటుంది కాబట్టి సంచీలో చోటు తక్కువ పడుతుంది. 50, 75, 150 మూడే లెన్సులు. 7లో ముడత లేదు. 43 నుంచి 210 దాకా ఆరు లెన్సులున్నాయి, 80తో కలిపి బరువు సుమారు 1.2 కిలోలు. వీటి లెన్సుల పదును గురించి వినేదంతా నిజమే. బలహీనత ఎలక్ట్రానిక్స్‌లో ఉంది. బ్యాటరీ లేకపోతే షట్టర్ పనిచేయదు, బోర్డు పోతే విడిభాగం దొరకడం కష్టం. మమియా 6లో రోల్ తిప్పే యంత్రాంగం అరగడం కూడా తెలిసిన జబ్బే. ఫ్రేముల మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో డెవలప్ చేసిన నెగటివ్ మీద చూడకుండా కొనకండి.

ఫుజీ జీడబ్ల్యూ690కి "టెక్సాస్ లైకా" అని ముద్దుపేరు, అంత పెద్దది. బ్యాటరీ లేదు, మీటరు లేదు, లెన్సు మారదు, 90 మి.మీ. ఎఫ్/3.5, రోలుకి ఎనిమిది ఫ్రేములు. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు కాబట్టి పాతదైనా ధైర్యంగా కొనొచ్చు. రెండో, మూడో తరం వాటిలో బల్బ్ (నొక్కి ఉంచినంతసేపే షట్టర్ తెరుచుకుని ఉండే అమరిక) ఉండదు, టీ ఉంటుంది. అంటే నొక్కితే తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, మూయాలంటే షట్టర్ వేగం రింగునో, ఫిల్మ్ లివర్నో కదపాలి. రాత్రి ఫోటోల్లో ఆ కదలికకి దృశ్యం చెదురుతుంది. ముందు నల్ల అట్ట లెన్సుకి అడ్డం పెట్టి, ఆ తర్వాత మూయండి.

నిజంగా తేలికైన మీడియం ఫార్మాట్ కావాలంటే 645 వైపు చూడండి. ఫుజీ జీఏ645లో ఆటోఫోకస్, 60 మి.మీ. ఎఫ్/4 ఉన్నాయి, వాడకంలో పెద్దసైజు కాంపాక్ట్‌లా ఉంటుంది. తెర మీది అంకెలు మాయమవడం దాని జబ్బు. బ్రోనికా ఆర్ఎఫ్645 చేతిలో చక్కగా కుదురుతుంది. మడిచే ఫుజీ జీఎస్645 అన్నింట్లోకీ చిన్నది గానీ దాని బెలోస్ (లెన్సుకీ బాడీకీ మధ్య ముడుచుకునే మడతల గొట్టం) మూలల్లో సూదిమొన రంధ్రాలు పడతాయి. బెలోస్ మార్చారని రుజువు లేకపోతే వదిలేయండి. 645 కెమెరాల్లో చాలావాటిలో మామూలుగా పట్టుకుంటే నిలువు ఫ్రేము వస్తుంది, దానికి అలవాటు పడాలి.

35 ఎం.ఎం.లో ఏది

కానోనెట్ క్యూఎల్17 జీ-3, 1972 నాటిది, 620 గ్రాములు. షట్టర్ వేగం మీరు పెడితే అపర్చర్ అది చూసుకుంటుంది. మాన్యువల్‌లో పెడితే మీటరు ఆగిపోతుంది, కానీ షట్టర్ పూర్తిగా యాంత్రికం కాబట్టి బ్యాటరీ లేకుండానూ అన్ని వేగాల్లో పనిచేస్తుంది. యాషికా ఎలక్ట్రో 35 మంచి లెన్సున్న కెమెరాయే గానీ పెద్దది, వేగం మీ చేతిలో ఉండదు, బ్యాటరీ లేకపోతే 1/500 ఒక్కటే. లోపల ఒక చిన్న రబ్బరు ముక్క కాలక్రమంలో పిండై రాలిపోతుంది, దాంతో ఎక్స్‌పోజర్ గతి తప్పుతుంది. లివర్ తిప్పేటప్పుడు లోపల్నుంచి ఒక "టక్" వినపడాలి. అది వినపడకపోతే ఆ ముక్క పోయిందని అనుమానించండి. ఒలింపస్ 35 ఆర్‌సీ 410 గ్రాములే, లెన్సు ఎఫ్/2.8 అయినా పూర్తి మాన్యువల్‌గా వాడుకోవచ్చు. ఒలింపస్ ఎక్స్‌ఏ 1979లో వచ్చింది, 225 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. రోజూ వెంట ఉండే కెమెరా కావాలంటే దాన్ని మించింది నాకు కనపడదు. కానీ అది పూర్తిగా బ్యాటరీ మీదే బతుకుతుంది.

లైకా ఎం వేరే తరగతి. లెన్సులు మార్చుకోవచ్చు, రేంజ్‌ఫైండర్ కచ్చితం, ఎం6లో బ్యాటరీ మీటరుకే తప్ప షట్టర్‌కి అక్కర్లేదు, ఈనాటికీ బాగుచేసేవాళ్ళున్నారు. డబ్బు సమస్య కాకపోతే మీ వాడకానికి అదే సరైనది. 35 మి.మీ. ఎఫ్/2 లెన్సు ఒక్కటి చాలు.

బ్యాటరీ గురించి ఒక హెచ్చరిక. 1970ల కెమెరాలు చాలావరకు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసినవి, అవి ఇప్పుడు లేవు. అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు వెలుతురు ఎక్కువుందనుకుని ఫోటో తక్కువ ఎక్స్‌పోజ్ చేస్తుంది. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ జారిపోతుంది కాబట్టి తప్పు కూడా మారుతుంటుంది, ఐఎస్‌ఓ మార్చి సర్దుకోవడం కుదరదు. వినికిడి యంత్రాల్లో వేసే 675 జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. వెడల్పు తక్కువ కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు వేయాలి. స్టికర్ తీశాక రెండు మూడు నెలలకు మించి ఉండదు. యాషికా ఎలక్ట్రోకి 6 వోల్టుల బ్యాటరీ, ఖాళీ నింపే స్పేసర్ వేస్తే ఇబ్బంది లేదు.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

పైన పటారం, లోన లొటారం అన్న మాట పాత కెమెరాలకి సరిగ్గా సరిపోతుంది. మోడల్ కన్నా, మీ చేతికొచ్చిన ఆ ఒక్క కెమెరా పరిస్థితే ముఖ్యం.

ముందు రేంజ్‌ఫైండర్. లెన్సుని అనంతం దాకా తిప్పి, కనీసం కిలోమీటరు దూరంలో ఉన్న టవరునో స్తంభాన్నో చూడండి. మధ్యలో కనిపించే రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పూర్తిగా కూర్చోవాలి. అడ్డంగా తేడా ఉంటే ఫోకస్ తప్పుతుంది. నిలువుగా తేడా ఉంటే ఫోకస్ తప్పదు గానీ కళ్ళకి శ్రమ, పైగా అది ఎప్పుడో కిందపడిందనడానికి గుర్తు. తర్వాత టేపుతో సరిగ్గా మీటరు కొలవండి. కొలత లెన్సు ముందు నుంచి కాదు, కెమెరా పైన అడ్డగీత ఉన్న సున్నా గుర్తు నుంచి. అనంతం దగ్గర సరిపోయి మీటరు దగ్గర తప్పితే మామూలు సర్దుబాటుతో పోయే జబ్బు కాదు, లోపలి కామ్ (లెన్సు కదలికను రేంజ్‌ఫైండర్‌కి అందించే భాగం) చూడాలి. రెండో బొమ్మ వెలిసిపోయి కనపడితే లోపలి సగం అద్దం పూత పోతోందని అర్థం. అదైతే బేరం మానేయండి.

తర్వాత షట్టర్. వెనక మూత తెరిచి, లెన్సుని కిటికీ వైపు పెట్టి, ఒక సెకను నుంచి 1/500 దాకా ప్రతి వేగంలోనూ కొట్టి చూడండి, ఒక సెకను లేని వాటిలో ఉన్నంతలో నిదానం దగ్గర మొదలుపెట్టండి. లీఫ్ షట్టర్ రేకుల మీద నూనె మెరుపు కనపడితే అది ఇవాళ కాకపోతే రేపు అతుక్కుంటుంది. ఉదయం మొదటి దెబ్బకి ఆలస్యంగా తెరుచుకుని, పదోసారికి మామూలైతే అదే జబ్బు. అందుకే అమ్మేవాళ్ళు ముందే నాలుగుసార్లు కొట్టి చూపిస్తే, ఒక అరగంట పక్కన పెట్టి మళ్ళీ కొట్టండి. లెన్సులోకి టార్చి వేసి వెనకనుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా దారాలుంటే ఫంగస్, ఆవిరి పట్టినట్టుంటే హేజ్. నాలుగు దుమ్ము రేణువులు ఏమీ చేయవు. బెలోస్ ఉన్న కెమెరా అయితే చీకటి గదిలో లోపల టార్చి పెట్టి, బెలోస్‌ని పూర్తిగా చాచి ప్రతి మూలా చుట్టూ తిప్పి చూడాలి.

వెనక మూత గాళ్ళలో ఉండే నల్ల ఫోమ్ ముట్టుకుంటే వేలికి తారులా అంటిందంటే మార్చాలి. ఇది భయపడాల్సింది కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన అగ్గిపుల్లతో పాతది గీకి, 1.5 నుంచి 2 మి.మీ. మందం కొత్త ఫోమ్ అతికిస్తే గంట పని. గీకేటప్పుడు ముక్కలు షట్టర్ మీద పడకుండా కాగితం అడ్డం పెట్టండి.

120 రోలు, ఆ తర్వాతి పని

120 ఫిల్మ్‌కి డబ్బా ఉండదు, వెనక నల్లకాగితమే కాపలా. ఎక్కించేటప్పుడు కాగితం కొనని ఖాళీ స్పూలు చీలికలో తిన్నగా దూర్చి, రోలు మీద బొటనవేలు తేలిగ్గా ఆనించి బిగువు పోకుండా ఒకటిన్నర చుట్లు తిప్పాలి. కాగితం మీది అడ్డబాణం కెమెరా లోపలి గుర్తుకి ఎదురుగా వచ్చాకే మూత వేయాలి. బిగువు లేకపోతే తీసేటప్పుడు రోలు లావుగా ఉబ్బి, అంచుల్లోంచి వెలుతురు దూరి ప్రతి ఫ్రేము పక్కనా పొగలా వస్తుంది. ఎక్కించినా తీసినా నీడలోనే. ఫిల్మ్‌ని వెనకనుంచి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటుకి 120, 220 (రెట్టింపు పొడవుండే రోలు) రెండు స్థానాలున్న కెమెరాల్లో 120లో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. పది ఫ్రేములకొకసారి ఈ తతంగమంతా ఉంటుంది. వీధిలో అసలు ఫోటో మీరు రోలు మార్చేటప్పుడే జరిగిపోతుందని ముందే అనుకోండి.

ఇంట్లో డెవలప్ చేస్తే ఒక 35 రోలుకి మామూలు ప్లాస్టిక్ ట్యాంకులో 290 మి.లీ. ద్రావణం సరిపోతుంది, 120కి 500 కావాలి. 36 ఫ్రేములకి 290, పది ఫ్రేములకి 500. 120 ఫిల్మ్ పల్చన, వెడల్పు కాబట్టి రీలులోకి ఎక్కించేటప్పుడు మడత పడితే అక్కడ అర్ధచంద్రాకారపు మచ్చ వస్తుంది. పాడైన ఒక రోలుతో వెలుతురులో పదిసార్లు సాధన చేశాకే చీకట్లోకి వెళ్ళండి.

స్కానింగ్ విషయంలో మాత్రం మీడియం ఫార్మాట్‌కి పెద్ద మేలుంది. ఇళ్ళలో వాడే ఫ్లాట్‌బెడ్ స్కానర్ల పెట్టె మీద 6400 అని రాసున్నా నిజంగా అందేది అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. అంగుళానికి 2000 చుక్కలు నిజంగా అందాయనుకుందాం. 35 ఫ్రేము నుంచి వచ్చేది 5.4 మెగాపిక్సెళ్ళే, అంగుళానికి 300 చొప్పున ప్రింటు చేస్తే 6.3×9.4 అంగుళాలు. అదే స్కానర్ మీద 6×7 నుంచి 24 మెగాపిక్సెళ్ళు, 14.7×18 అంగుళాలు. అంటే మీ దగ్గరున్నది ఫ్లాట్‌బెడ్ మాత్రమే అయితే, 35 తీసుకున్నప్పుడు గోడకు పెట్టే ఆ నాలుగైదు నెగటివ్‌లనైనా ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్ మీదో, మంచి మాక్రో లెన్సుతో డిజిటల్ కెమెరా మీదో స్కాన్ చేయించాలి. లేకపోతే లెన్సు మీద పెట్టిన డబ్బు స్కానర్ దగ్గర ఆవిరైపోతుంది.

కొనేముందు ఒక నెల రోజులు మీ ఎస్.ఎల్.ఆర్.తోనే ఒక పరీక్ష చేయండి. 35 నుంచి 50 మధ్య ఉన్న లెన్సు ఒక్కటే, ఐఎస్‌ఓ 400 ఫిల్మ్. అపర్చర్‌ని ఎఫ్/4 కన్నా తెరవకండి, మీటరు కన్నా దగ్గరికి వెళ్ళకండి, బయటికి వెళ్ళిన ప్రతిసారీ పది ఫ్రేములే తీయండి. సంచీలో లీటరు నీళ్ళ సీసా ఒకటి అదనంగా పెట్టుకుని తిరగండి. ప్రతి ఫ్రేముకీ షట్టర్ వేగం చిన్న పుస్తకంలో రాసుకోండి, 1/60 కన్నా తగ్గిన వాటి పక్కన గీత పెట్టండి. తీయాలనిపించి వెలుతురు చాలక వదిలేసినవాటిని కూడా రాయండి, అవే ముఖ్యం. నెలాఖరుకి గీతలూ వదిలేసినవీ కలిపి మూడో వంతు దాటితే కానోనెట్‌నో లైకానో వెతుక్కోండి. పదింటికి ఒకటి కూడా లేకపోతే, సీసా బరువు మీకు గుర్తే రాకపోతే, మమియా 7కి 80 మి.మీ. లెన్సు, ఒక దిట్టమైన ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ ఒకేసారి కొనండి.